నీళ్లలో గాలిని కరిగించిన పంతులు: జోసెఫ్ ప్రీస్ట్లీ జీవితం

వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మా హాస్టల్లో అందరికీ ముందుగా గుర్తొచ్చేది గోలీ సోడా. ఆటల పోటీలు ముగిసి, చెమటలు కారుతూ గేటు దగ్గరికి వచ్చేసరికి సోడా బండి సిద్ధంగా ఉంటుంది. బొటనవేలితో గోలీని నొక్కగానే కీచుమని చప్పుడవుతుంది, నురగ పొంగుతుంది, ముక్కు చుర్రుమంటుంది. వికారాబాద్, తాండూరు మధ్య బస్సుల్లో, రైళ్లలో తిరిగిన మా పూర్వ విద్యార్థులకు ఈ చప్పుడు కొత్త కాదు. అయితే ఆ నీళ్లలోకి గాలి ఎలా వెళ్లిందో, దాన్ని మొదట ఎవరు పంపారో మేము ఎన్నడూ ఆలోచించలేదు.

ఒకసారి సైన్స్ ఫెయిర్ కోసం కార్బన్ డయాక్సైడ్ తయారు చేయాలని కూర్చున్నాం. సుద్ద మీద ఆమ్లం పోస్తే ఆ వాయువు వస్తుందని పుస్తకంలో ఉంది. బోర్డు మీద రాసే సుద్దముక్క తీసుకుని దాని మీద పలుచని ఆమ్లం పోశాం. ఏమీ పొంగలేదు. పుస్తకమే తప్పనుకున్నాం. సార్ నవ్వి, బయట పడి ఉన్న తాండూరు బండ పెచ్చు ఒకటి తెమ్మన్నారు. దాని మీద నాలుగు చుక్కలు వేయగానే బుసబుసమని పొంగింది. ఇప్పుడు బడుల్లో వాడే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవని, అసలైన సుద్ద మాత్రం సున్నపురాయి జాతిదని, మన తాండూరు బండ కూడా సున్నపురాయేనని ఆ రోజు తెలిసింది. సుద్ద నుంచి వచ్చే ఈ వాయువును నీళ్లలో కరిగించి సోడా తయారుచేసే పద్ధతిని లోకానికి చెప్పిన మనిషి పేరు కూడా సార్ ఆ రోజే చెప్పారు. ఆయన జోసెఫ్ ప్రీస్ట్లీ.

ఆయన గురించి చదువుతూ పోతే మాకు ఆశ్చర్యం వేసింది. పాఠ్యపుస్తకంలో ఆక్సిజన్ కనుగొన్నవాడని ఒక్క వాక్యంలో చదివి వదిలేసిన ఆ మనిషి, తల్లి లేని పిల్లవాడు. నత్తి ఉన్నవాడు. పెద్ద విశ్వవిద్యాలయాల గడప తొక్కనివ్వని వర్గంలో పుట్టినవాడు. పక్కింటి బీరు కార్ఖానాను ప్రయోగశాలగా చేసుకున్నవాడు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని మా తోటి విద్యార్థులకు చెప్పాలనిపించింది.

బాల్యం, చదువు

ప్రీస్ట్లీ 1733 మార్చిలో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణానికి దగ్గరలో ఉన్న బర్‌స్టల్ అనే ఊళ్లో జన్మించాడు. తండ్రి జోనాస్‌ది నేసిన ఉన్నిగుడ్డలకు మెరుగుపెట్టే పని. ఆరుగురు పిల్లల్లో జోసెఫ్ పెద్దవాడు. ఇంట్లో వరసగా పిల్లలు పుడుతుండడంతో చిన్నప్పుడే ఆయనను తాతగారింటికి పంపారు. ఆరేడేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తర్వాత కొంతకాలానికి, పిల్లలు లేని మేనత్త సారా కీగ్లీ ఆయనను తీసుకువెళ్లి పెంచింది. ఆమె ఇంట్లో తిండికీ పుస్తకాలకూ కొరత లేకపోయింది. ఇల్లు వదిలి వేరేచోట పెరగడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బడిలో లాటిన్, గ్రీకు నేర్చుకున్నాడు. పదహారేళ్ల ప్రాయంలో పెద్ద జబ్బు చేసింది. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నారు. బడి ఆగిపోయింది. ఆ ఆగిపోయిన రోజుల్లోనే ఆయన ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్ భాషలను గురువు లేకుండా నేర్చుకున్నాడు. జబ్బు నయమైంది కానీ మాటలో నత్తి జీవితాంతం పోలేదు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో రాజు అధిపతిగా ఉన్న చర్చి ఒకటే అధికారికం. దానికి చెందని క్రైస్తవులను అసమ్మతివాదులు అనేవారు. ప్రీస్ట్లీ కుటుంబం వారిలోనిదే. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలన్నా, కేంబ్రిడ్జిలో పట్టా పుచ్చుకోవాలన్నా అధికారిక చర్చి సిద్ధాంతాలను ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఎంత తెలివి ఉన్నా సంతకం పెట్టనివారికి ప్రవేశం లేదు. ఈ అడ్డంకి పూర్తిగా తొలగడానికి 1871 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అంటే ప్రీస్ట్లీ పుట్టిన తర్వాత దాదాపు 140 ఏళ్లు.

తలుపు మూసినవారు మూశారు. మూతపడ్డ తలుపుల బయట ఉన్నవారు తమ పిల్లల కోసం సొంతంగా విద్యాలయాలు పెట్టుకున్నారు. అలాంటి డావెంట్రీ అకాడమీలో ప్రీస్ట్లీ 1752లో చేరాడు. అక్కడ ఒక మంచి పద్ధతి ఉండేది. ఏ విషయం తీసుకున్నా దానికి అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు వాదించాలి. ఏది సరైనదో విద్యార్థి తానే తేల్చుకోవాలి. ఈ అలవాటు ఆయనకు జీవితాంతం పనికి వచ్చింది, జీవితాంతం చిక్కులూ తెచ్చింది.

నత్తి పంతులు

1755లో నీధమ్ మార్కెట్ అనే చిన్న ఊళ్లో ప్రార్థనామందిరానికి బోధకుడిగా వెళ్లాడు. నత్తి వల్ల ప్రసంగం సాగేది కాదు. ఆయన భావాలు కూడా ఆ ఊరివారికి నచ్చలేదు. వినడానికి వచ్చేవారు తగ్గిపోయారు. ఏడాదికి వచ్చే జీతం 30 పౌండ్లకు మించలేదు. చదువు చెబుతానని ప్రకటించినా పిల్లలను పంపినవారు లేరు.

1758లో నాంట్విచ్ అనే ఊరికి మారాక రోజులు మారాయి. అక్కడ బడి పెట్టాడు. సుమారు ముప్పైమంది అబ్బాయిలు, వేరే గదిలో అరడజనుమంది అమ్మాయిలు చదువుకునేవారు. ఆడపిల్లల చదువును పెద్దగా పట్టించుకోని కాలమది. తాను మిగిల్చుకున్న కొద్దిపాటి డబ్బుతో గాలిని లాగే ఒక పంపు, విద్యుత్తు పుట్టించే ఒక యంత్రం కొన్నాడు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. పెద్ద పిల్లల చేత వాటిని నడిపించి, ప్రయోగాలు చేయించాడు. ఈ సంగతి చదివినప్పుడు మాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

1761లో వారింగ్టన్ అకాడమీలో భాషల ఉపాధ్యాయుడయ్యాడు. 1762లో మేరీ విల్కిన్సన్‌ను పెళ్లి చేసుకున్నాడు. లండన్ వెళ్లినప్పుడు అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో స్నేహం కుదిరింది. ఆయన ప్రోత్సాహంతో విద్యుత్తు చరిత్ర రాశాడు. ఆ పుస్తకం 1767లో వెలువడింది. అంతకు ముందు ఏడాదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా తీసుకుంది. విశ్వవిద్యాలయం గడప తొక్కని మనిషికి ఆ దేశపు శాస్త్రజ్ఞుల సభలో కుర్చీ దొరికింది.

పక్కింటి బీరు తొట్టి

1767లో ప్రీస్ట్లీ లీడ్స్‌లో మిల్ హిల్ ప్రార్థనామందిరానికి బోధకుడిగా వచ్చాడు. మొదట దొరికిన ఇల్లు ఒక బీరు కార్ఖానా పక్కన. మామూలుగా ఎవరైనా ఆ వాసనకు విసుక్కుని ఇల్లు మారతారు. ఆయన మాత్రం తొట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

బీరు మాట వచ్చిందని పెద్దలు కంగారు పడవద్దు. తాగుడు ఎన్ని ఇళ్లను కూల్చిందో మాలో చాలామందికి పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఇక్కడ మేము చెప్పేది తొట్టిలో ఉన్న ద్రవం గురించి కాదు, దాని మీద నిలిచిన గాలి గురించి.

బీరును బార్లీ గింజలతో చేస్తారు. గింజలను నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీళ్లలో కలిపితే తియ్యని రసం వస్తుంది. అందులో ఈస్ట్ అనే సూక్ష్మజీవి చేరితే అది చక్కెరను తిని ఆల్కహాలును, ఒక వాయువును విడుదల చేస్తుంది. మన పల్లెల్లో తాటికల్లు, ఈతకల్లు లొట్టిలో నురగలు కక్కేది దీనివల్లే. కల్లును సీసాలో పోసి మూత బిగిస్తే కాసేపటికి మూత ఎగిరిపోవడం చూసినవారు మాలో ఉన్నారు. ఆ మూతను ఎగరగొట్టింది లోపల పుట్టిన ఈ వాయువే.

ప్రీస్ట్లీ చూసిన తొట్లు పైన మూత లేనివి. పులుస్తున్న బీరు మీద సుమారు తొమ్మిది అంగుళాల నుంచి అడుగు మందాన ఈ వాయువు పొరలా నిలిచి ఉండేది. కంటికి కనిపించదు. వెలుగుతున్న కొవ్వొత్తిని అందులోకి దించితే టక్కున ఆరిపోయేది. ఆరిన తర్వాత వచ్చే పొగ పైకి లేవకుండా ఆ పొరలోనే చిక్కుకుని తేలేది. అప్పుడు ఆ వాయువు పైభాగం నీటి ఉపరితలంలా కనిపించేది. కదిలిస్తే అలలు వేసేది, తొట్టి అంచు మీదుగా పొర్లి నేల మీదికి జారేది. గాలి కంటే బరువైన వాయువు కాబట్టే అలా జరిగింది.

మన పెద్దలకు ఈ ప్రమాదం వేరే రూపంలో తెలుసు. పాత బావిలోకి దిగేముందు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. ధాన్యం పాతరను తెరిచిన వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు. అలాంటి చోట్ల పేరుకునేవాటిలో ముఖ్యమైనది ఈ వాయువే. దీపం వెలిగినంత మాత్రాన క్షేమమని నమ్మి దిగడం కూడా ప్రమాదమేనని తమ్ముళ్లు గుర్తుంచుకోవాలి.

ఈ వాయువు అప్పటికే లోకానికి తెలుసు. స్కాట్లండు శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1750ల్లో దీనిని పరిశీలించి, సుద్ద వంటి పదార్థాలలో బంధింపబడి ఉంటుంది కాబట్టి స్థిరవాయువు అని పేరు పెట్టాడు. నేడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. ప్రీస్ట్లీ చేసిన కొత్త పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. రెండు గ్లాసులు తీసుకున్నాడు. ఒకదానిలో నీళ్లు. తొట్టి మీది వాయువులో చేతులు ఉంచి, టీకొట్టు అతను చాయ్ తిరగబోసినట్టు ఆ నీళ్లను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండు మూడు నిమిషాలు తిరగబోశాడు. తాగి చూస్తే నాలుక చిమచిమలాడింది. కొన్ని ప్రాంతాల్లో భూమిలోంచి ఊరే ఖరీదైన ఊటనీళ్ల రుచి వచ్చింది. ఆ నీళ్లు కొనగలిగినవారు ధనవంతులు మాత్రమే. ఇక్కడ పైసా ఖర్చు కాలేదు.

సుద్దలోంచి సోడా

కొంతకాలానికి ఆయన ఆ ఇల్లు మారవలసి వచ్చింది. తొట్టి దూరమైంది. అప్పుడు ఆయన వాయువును తానే తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు. సుద్దపొడిలో నీళ్లు కలిపి, దాని మీద గంధకామ్లం కొద్దికొద్దిగా పోసి, పుట్టిన వాయువును ఒక తిత్తిలోకి, అక్కడి నుంచి గొట్టం ద్వారా తలకిందులుగా పెట్టిన నీళ్లసీసాలోకి పంపాడు. సీసాను బాగా కుదిపితే వాయువు నీళ్లలో కరిగిపోయేది. ఈ పద్ధతినంతా 1772లో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఏ సామాను కావాలి, ఏది ఎంత పోయాలి, ఎలా కుదపాలి అన్నీ వివరంగా రాశాడు. దాని మీద హక్కు తనదేనని పేటెంటు తీసుకోలేదు.

మా సైన్స్ ఫెయిర్‌లో తాండూరు బండ పెచ్చు మీద జరిగింది ఇదే. సున్నపురాయిలో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగలగానే అందులో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది. ఆమ్లానికి బదులు బాగా కాల్చినా బయటపడుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. తాండూరు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో రాత్రింబవళ్లు జరిగే మార్పు కూడా ఇదే. అదే సున్నాన్ని తడిపి గోడకు వేస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది. మేము రోజూ నడిచే బండలో, ఆనుకుని కూర్చునే గోడలో సోడా గ్యాసు దాగి ఉందని తెలిశాక వాటిని చూసే తీరు మారిపోయింది.

ప్రీస్ట్లీ సోడాను దాహానికి కనిపెట్టలేదు. దూరపు ఓడ ప్రయాణాల్లో నావికులు స్కర్వీ జబ్బుతో వందలుగా చనిపోయేవారు. చిగుళ్లు ఉబ్బి, రక్తం కారి, పాత గాయాలు కూడా తిరగబెట్టేవి. ఈ నీళ్లు వారిని కాపాడతాయని ఆయన నమ్మాడు. కెప్టెన్ కుక్ రెండో సముద్రయానానికి 1772లో బయలుదేరినప్పుడు రిజల్యూషన్, అడ్వెంచర్ అనే రెండు ఓడల్లోనూ సోడా తయారుచేసే సామాను పెట్టారు. అసలు ఆ యాత్రకు ప్రీస్ట్లీనే పంపుదామన్న ప్రతిపాదన వచ్చింది కానీ, ఆయన మతభావాలు నచ్చనివారు అడ్డుపడటంతో అది ఆగిపోయింది.

ఆయన నమ్మకం తప్పని తర్వాత తేలింది. స్కర్వీకి కారణం సి విటమిన్ లోపం. దానికి మందు నిమ్మ, నారింజ, మన ఉసిరి వంటివి. మేము తాగే నిమ్మసోడాలో మందు నిమ్మకాయలో ఉంది, సోడాలో లేదు. అయినా వాయువుల మీద చేసిన పరిశోధనలకు 1773లో రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకాన్ని ఆయనకు ఇచ్చింది.

సోడాతో డబ్బు సంపాదించినవారు వేరే. జెనీవాలో గడియారాలు, నగల పని చేసే యోహాన్ జాకబ్ ష్వెప్ 1783లో సోడానీళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఆ కంపెనీ సోడా నేటికీ అమ్ముడవుతోంది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు గోలీ, రబ్బరు వలయం ఉన్న సీసాకు పేటెంటు తీసుకున్నాడు. లోపలి వాయువు ఒత్తిడే గోలీని పైకి తోసి మూతలా బిగిస్తుంది. అదే మన గోలీ సోడా సీసా. ప్రీస్ట్లీకి సోడా వల్ల చేతికి వచ్చిన లాభం లేదు.

పీపాలోకి మళ్లీ వెళ్లిన గాలి

ఆయన తొట్టిలోంచి నీళ్లలోకి మళ్లించిన వాయువు తర్వాతి కాలంలో మళ్లీ బీరులోకే వెళ్లింది. పులిసేటప్పుడు తెరిచిన తొట్టిలో వాయువు చాలావరకు ఎగిరిపోతుంది. మిగిలిన బీరు చప్పగా ఉంటుంది. దానికి పాత పద్ధతి ఒకటుంది. పీపాలో కొద్దిగా చక్కెర వేసి మూత బిగిస్తే, మిగిలి ఉన్న ఈస్ట్ దాన్ని తిని లోపలే వాయువు పుట్టిస్తుంది. చక్కెర ఎక్కువైతే సీసాలు పేలిపోతాయి. కొత్త పద్ధతిలో ఉక్కు పీపాలో బీరు నింపి, చల్లబరచి, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో పంపుతారు.

దీని వెనుక సూత్రాన్ని 1803లో మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ చెప్పాడు. ఒత్తిడి ఎంత పెంచితే వాయువు ద్రవంలో అంత ఎక్కువగా కరుగుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకున్న అన్నలకు హెన్రీ నియమం గుర్తుండే ఉంటుంది. చల్లదనం కూడా అంతే ముఖ్యం. మామూలు వాతావరణ ఒత్తిడిలో 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు ముప్పావు లీటరు కార్బన్ డయాక్సైడ్ కరిగితే, 0 డిగ్రీల దగ్గర 1.7 లీటర్లు కరుగుతుంది. విదేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవారు పీపాను 3, 4 డిగ్రీలకు చల్లబరచి, చదరపు అంగుళానికి 12 పౌండ్ల ఒత్తిడితో వారం పాటు ఉంచుతారు. దానితో బీరు పరిమాణానికి రెండున్నర రెట్ల వాయువు అందులో కరుగుతుంది. లైసెన్సు లేకుండా బీరు తయారీ మన దగ్గర నేరం కాబట్టి ఈ లెక్కను మేము సోడాకే వాడుకుంటాం. ఎండలో పెట్టిన సోడా తెరవగానే ఎందుకు ఎగజిమ్ముతుందో, ఐసులో పెట్టినది చివరి గుక్క దాకా ఎందుకు చురుగ్గా ఉంటుందో ఇప్పుడు మాకు తెలుసు.

ప్రాణవాయువు, ఒక పొరపాటు

వాయువుల మీద మొదలైన ఆసక్తి ఆయనను వదల్లేదు. 1771లో మూసిన పాత్రలో కొవ్వొత్తి ఆరిపోయేదాకా వెలిగించి, ఆ చెడిన గాలిలో పుదీనా కొమ్మ పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. మొక్కలు గాలిని బాగుచేస్తాయన్న సంగతి అలా తెలిసింది.

1773లో షెల్‌బర్న్ ప్రభువు దగ్గర గ్రంథాలయ బాధ్యతలు చూసే ఉద్యోగం దొరికింది. 1774 ఆగస్టు 1న భూతద్దంతో సూర్యకిరణాలను ఎర్రని పాదరస భస్మం మీద పడేలా చేస్తే ఒక వాయువు వచ్చింది. అందులో కొవ్వొత్తి అద్భుతంగా వెలిగింది. మామూలు గాలిలో కంటే ఎలుక ఎక్కువసేపు బతికింది. అదే ఆక్సిజన్. స్వీడన్‌కు చెందిన షీలే అంతకు ముందే దానిని తయారు చేసినా, 1777 దాకా ఆయన పుస్తకం వెలుగు చూడలేదు.

ఇక్కడ ప్రీస్ట్లీ పొరపాటు కూడా చెప్పాలి. మండే వస్తువుల్లోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందని ఆ కాలంలో నమ్మేవారు. ఫ్రాన్సులో లావోయిజర్ ఆ నమ్మకం తప్పని చూపి, ఈ కొత్త వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. లోకమంతా మారినా ప్రీస్ట్లీ మాత్రం చనిపోయేదాకా పాత సిద్ధాంతాన్ని వదల్లేదు. కళ్లతో సరిగ్గా చూసిన మనిషి కూడా చూసినదానికి తప్పు అర్థం చెప్పగలడు. ఆయన ప్రయోగాలు మాత్రం నిలిచాయి, ఎందుకంటే ఏమి చేశాడో, ఎక్కడ తప్పాడో దాచకుండా రాశాడు.

ఇంకో చిన్న సంగతి మా జామెట్రీ బాక్సుకు సంబంధించినది. పెన్సిల్ గీతలను రబ్బరు ముక్కతో చెరపవచ్చని 1770లో తన పుస్తకంలో రాసి ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా ఈయనే.

కాలిపోయిన ఇల్లు

1780లో ప్రీస్ట్లీ బర్మింగ్‌హామ్ వెళ్లాడు. బోధన, ప్రయోగాలు, రచన సాగుతుండగా రాజకీయాల్లో కూడా నోరు విప్పాడు. ఏ మతభావం ఉన్నవారికైనా సమాన హక్కులు ఉండాలన్నాడు. 1788లో ఆఫ్రికా మనుషులను బానిసలుగా అమ్మే వ్యాపారానికి వ్యతిరేకంగా ప్రసంగించి దానిని అచ్చువేశాడు. ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించాడు. ఇవన్నీ చాలామందికి కంటగింపు అయ్యాయి.

1791 జూలై 14న, బాస్టిల్ కోట కూలి రెండేళ్లయిన సందర్భంగా బర్మింగ్‌హామ్‌లో విందు జరిగింది. ప్రీస్ట్లీ ఆ విందుకు వెళ్లనేలేదు. అయినా రాజుకూ చర్చికీ జై కొడుతూ వచ్చిన మూక ముందు ప్రార్థనామందిరాలను, తర్వాత ఆయన ఇంటిని తగలబెట్టింది. కుటుంబం కొద్దిపాటి వ్యవధిలో బయటపడింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు, రాతప్రతులు, ప్రయోగశాల అన్నీ పోయాయి. అప్పటికి ఆయన వయసు 58. నష్టపరిహారం వచ్చింది కానీ అడిగిన దానికంటే తక్కువ. లండన్ చేరితే, పరిచయస్తుల్లో కొందరు దూరం జరిగారు.

1794 ఏప్రిల్‌లో భార్యతో అమెరికా ఓడ ఎక్కాడు. ఆ ఓడ సముద్రం మీద ఉండగానే, మే 8న ఫ్రాన్సులో లావోయిజర్ తల నరికారు. గాలి రహస్యం విప్పిన ఇద్దరిలో ఒకరిని రాజభక్తులు తరిమితే, ఇంకొకరిని విప్లవం బలి తీసుకుంది.

పెన్సిల్వేనియాలోని నార్తంబర్లాండ్ అనే చిన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. ఫిలడెల్ఫియా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర ఆచార్య పదవి ఇస్తానంటే వద్దన్నాడు. 1795లో చిన్నకొడుకు హెన్రీ, 1796లో భార్య మేరీ చనిపోయారు. అంత దుఃఖంలోనూ ఇంట్లో మళ్లీ ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు. కార్బన్ మోనాక్సైడ్ వాయువును అక్కడే గుర్తించాడు. 1804 ఫిబ్రవరి 6న, ఆ ఉదయం కూడా తన రాతకు సవరణలు చెప్పి రాయించి, కన్నుమూశాడు. ఆయన రచనలు 150కి పైగా ఉన్నాయి. 1874లో, ఆక్సిజన్ కనుగొని నూరేళ్లయినప్పుడు, అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ఆ ఇంటి దగ్గర సమావేశమయ్యారు. ఆ కలయికే 1876లో అమెరికన్ కెమికల్ సొసైటీ పుట్టడానికి దారి తీసింది. ఆ సొసైటీ ఇచ్చే అతి పెద్ద పతకం నేటికీ ప్రీస్ట్లీ పేరు మీదే ఉంది.

మాకు అర్థమైనది

మా హాస్టల్లో చేరినవారిలో చాలామంది ఇంట్లో చదువుకున్న మొదటి తరం. పాత రోజుల్లో ఈ దేశంలోనూ పుట్టుకను బట్టి బడి తలుపు మూసినవారు ఉన్నారు. ఆ తలుపు తెరవడానికి బాబాసాహెబ్ అంబేద్కర్ వంటివారు పోరాడితేనే మాకు ఈ మంచం, ఈ పళ్లెం, ఈ పుస్తకం దక్కాయి. ప్రీస్ట్లీ కథ మాకు దగ్గరగా తోచింది అందుకే. అయితే ఆయన తలుపు మూశారని ఏడుస్తూ కూర్చోలేదు, మూసినవారిది తప్పు కాదనీ అనలేదు. తప్పును తప్పని చెప్పాడు. ఆ మాటకు ఇంటినే మూల్యంగా చెల్లించాడు. ఈ లోపల పక్కింట్లో ఉన్న తొట్టిని చూసి చేయవలసిన పని చేశాడు.

మాకు పెద్ద ప్రయోగశాల లేదని మేము చాలాసార్లు అనుకున్నాం. ఉంటే బాగుంటుందనే ఇప్పటికీ అనుకుంటున్నాం, అడుగుతూనే ఉంటాం. కానీ తాండూరు బండ, గోడ సున్నం, కల్లు లొట్టి, సోడా బండి మా చుట్టూ ఉన్నాయి. వాటిని ఇంతకాలం చూడకుండా నడిచింది మేమే.

ఈసారి వార్షికోత్సవం నాడు సోడా బండి పక్కనే ఒక బల్ల వేస్తున్నాం. దాని మీద ఒక బండ పెచ్చు, ఒక బడి సుద్దముక్క, పలుచని ఆమ్లం, ఒక కొవ్వొత్తి ఉంటాయి. ఆమ్లాన్ని సార్ సమక్షంలోనే వాడతాం, చిన్నపిల్లలు ముట్టుకోకూడదు. రెండింటిలో ఏది పొంగుతుందో ముందే చెప్పినవారికి ఒక గోలీ సోడా ఉచితం. ఎందుకు పొంగిందో కూడా చెప్పినవారికి రెండు. ఆ రెండో సోడాకు డబ్బులు పూర్వ విద్యార్థులైన అన్నలు ఇస్తామన్నారు.